సోమవారం నాది

సోమ, బుధ, శుక్రవారాలు ఆడవాళ్ళవి.
మంగళ, గురు, శని మగవాళ్ళవి.
ఆదివారం ఎవరిదీ కాదు.
పనామా నగరం ఆ రోజు లోపలినుంచి గడియ పెట్టుకుంటుంది.

కార్డు మీద చివరి అంకె ఏ గంట చెబితే ఆ గంటకే వీధి.
నాది ఏడు. ఎలియెసెర్‌ది మూడు.
పదకొండేళ్ళ కాపురంలో
ఆయన మొహం కనపడని రోజు ఒక్కటి ఇమ్మని
ఎన్నిసార్లు మొక్కానో.
ఇచ్చారు చివరికి,
వీధిలో ఇచ్చారు, ఇంట్లో కాదు.

ఇంట్లో రెండు గదులు, ఐదుగురం.
నేను, ఆయన, మా యారిబెత్,
అత్తగారు ఎనెయిదా, ఆవిడ రేడియో.
రేడియోని మనిషిగానే లెక్కేస్తున్నాను,
అన్నం ఒక్కటే అడగదు.

బడి గౌనులకని తెచ్చిన నీలం గుడ్డ
మిషన్ పక్కన తానుగా మిగిలిపోయింది.
మాస్కులు కుడుతున్నా.
ఒక గౌను గుడ్డతో పద్నాలుగు నోళ్ళు మూయొచ్చని తేలింది.
మా ఇంటికి రెండు చాలు.

మేం పోట్లాడింది రోగం గురించి కాదు,
ఆగిపోయిన టాక్సీ గురించి కాదు, అద్దె గురించీ కాదు.
గిన్నె మూత గురించి.
ఎవరు ఎక్కడ పెట్టారు, ఎవరు ఎప్పుడూ అంతే,
ఎవరి అమ్మ ఎవరికి ఏం నేర్పలేదు...
యారిబెత్ ఫోన్‌లో మ్యూట్ నొక్కడం మరిచిపోయింది.
ఇరవై ఆరుమంది పిల్లలు
లెక్కల పాఠం మధ్యలో
మా మూత చరిత్ర మొత్తం విన్నారు.
సాయంత్రం టీచరమ్మ నుంచి మెసేజ్:
"మా ఇంట్లో గరిటె."

సోమవారం పొద్దున
ఆడవాళ్ళు తప్ప ఎవరూ లేని వీధిని
మొదటిసారి చూశాను.
ఎవరూ ఈల వెయ్యలేదు.
బియ్యం సంచీ బరువుగానే ఉంది,
నా నడకే ఎందుకో తేలికపడింది.
ఇదంతా ఇంటికొచ్చి చెబుదామనుకున్నా.
తలుపు తియ్యగానే, "చెప్పులు బయట!" అన్నాడు.
చెప్పలేదు.

మంగళవారం ఆయన
పచ్చి అరటికాయలు తెమ్మంటే మాగినవి తెచ్చాడు.
కొట్టు నిండా మగవాళ్ళేనట,
అందరి చెవులకీ ఫోన్లు,
అందరిదీ ఒకటే ప్రశ్న: "ఏ రకం బియ్యం?"
నవ్వొచ్చింది. నవ్వలేదు,
మూత ఇంకా మా మధ్యనే ఉంది.

ఎదురు మేడలో మూడో అంతస్తు కటకటాలకి
ఎవరో తెల్ల దిండుగలీబు కట్టారు.
ఉతికి ఆరేసింది కాదని అందరికీ తెలుసు.
అత్తగారు రేడియో కట్టేసింది,
వొలుస్తున్న పచ్చికందుల్లోంచి
సగం వేరే గిన్నెలోకి తోసింది.
ఆ రాత్రి మేం కొబ్బరిపాల అన్నంలో
కందుల్ని ఒక్కొక్కటే ఏరుకుని తిన్నాం.

ఆదివారం.
అందరూ పడుకున్నాక ఆయన కిందికి దిగుతాడు,
బ్యాటరీ చచ్చిపోకుండా
టాక్సీని పది నిమిషాలు మేలుకొలపడానికి.
అంతేనా అని నా అనుమానం.
ఈసారి వెనకే దిగాను.
స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టి
ఎదుటి గోడ వైపు చూస్తున్నాడు,
గోడ ఎప్పుడు పక్కకి జరుగుతుందా అన్నట్టు.

ముందు తలుపు తియ్యబుద్ధి కాలేదు.
వెనక సీట్లో కూర్చున్నా.
అద్దంలో రెండు కళ్ళు. చాలాసేపు చూశాయి.
"ఎక్కడికమ్మా?" అన్నాడు,
నేనెవరో తెలియనట్టు.
గొంతు సర్దుకుని, "కొలోన్. మా అమ్మ దగ్గరికి," అన్నా.
ఈ ఊళ్ళో ప్రతి టాక్సీవాడూ
ప్రతి ఆడదాని మొహానా కొట్టే ఆ మాట,
పెళ్ళికి ముందు, వానలో తడుస్తున్న నాతో
ఇతనూ అన్న ఆ మాట,
తల కూడా తిప్పకుండా అన్నాడు:
"ఆ వైపు పోను."

ఎంత నవ్వానంటే
పైన ఎవరిదో లైటు వెలిగింది.
ఆయన భుజాలు కూడా ఊగుతున్నాయి,
నవ్వో మరొకటో వెనకనుంచి తెలియలేదు,
అడగలేదు.

ఇంజను ఆపాక
మెట్లెక్కి పైకి వచ్చేశాం, ముందు ఆయన, వెనక నేను.
రేపు సోమవారం. నాది.
మూత ఇంకా దొరకలేదు.